యోగ్-సారాన్: పేకముక్కలో పుట్టి, సవరణతో తగ్గిన దేవుడు

దేవుళ్ళ చరిత్ర రాసేవాడికి ఎప్పుడూ ఒక చిక్కు ఉంటుంది. పుట్టిన తేదీ దొరకదు. మహిమలు ఎప్పుడు మొదలయ్యాయో, మొదట ఎవరు చెప్పారో, విన్నవాడు దానికి ఇంకెన్ని కలిపాడో కాగితం మీద ఉండదు. స్థలపురాణం ఉంటుంది గాని వోచరు ఉండదు. ముప్పై ఏళ్ళకు పైగా రక్షణ శాఖ పద్దుల్లో పనిచేసి రిటైరైన నాబోటి వాడికి వోచరు లేని ఖర్చు ఎలా మింగుడుపడదో, ఆధారం లేని మహిమా అలాగే మింగుడుపడదు.

ఈ వ్యాసంలో చెప్పబోయే దేవుడితో ఆ చిక్కు లేదు. ఆయన 2016 ఏప్రిల్ 26న పుట్టాడు. 2016 అక్టోబరు 3న ఆయన శక్తికి కత్తెర పడింది. మధ్యలో 160 రోజులు. ఈ 160 రోజుల్లో భక్తులు, మొక్కులు, మహిమల కథలు, నిందాస్తుతి, చివరికి పెద్దల సభలో అభ్యంతరం, అన్నీ వచ్చాయి. వేల ఏళ్ళలో జరిగే తంతు అయిదు నెలల్లో, అదీ కంప్యూటర్లలో రికార్డు అవుతూ జరిగింది. హేతువాదులకు ఇంతకంటే మంచి ప్రయోగశాల దొరకదు.

ఆయన పేరు యోగ్-సారాన్. బిరుదు ‘ఆశల అంతం’. నివాసం హార్త్‌స్టోన్ అనే కంప్యూటర్ పేకాట.

ఆట ఏమిటి?

హార్త్‌స్టోన్ అమెరికాకు చెందిన బ్లిజార్డ్ కంపెనీ 2014 మార్చిలో విడుదల చేసిన ఆట. 2015 నుంచి సెల్‌ఫోన్లలో కూడా ఆడుతున్నారు. ఇద్దరు ఎదురెదురుగా ఆడతారు. ఒక్కొక్కరి కట్టలో 30 కార్డులు. ఒక్కొక్కరికి 30 ప్రాణాలు. ఎదుటివాడి ప్రాణాలు సున్నాకు తెస్తే గెలుపు. ప్రతి కార్డుకూ ఖరీదు ఉంటుంది. దాన్ని మానా అంటారు. మొదటి వంతులో ఒక మానా, రెండో వంతులో రెండు, అలా పది వరకు పెరుగుతుంది. అంటే ప్రతి వంతుకూ ఒక బడ్జెటు కేటాయింపు అన్నమాట. మిగిలితే మురిగిపోతుంది. మన ప్రభుత్వ శాఖల్లో మార్చి 31 లాగే.

కార్డుల్లో కొన్ని బంట్లు. అవి బల్ల మీద నిలబడి పోరాడతాయి. కొన్ని మంత్రాలు. అవి ఒకసారి పనిచేసి పోతాయి. మన రమ్మీలో అందరూ అవే ముక్కలతో ఆడతారు. ఇక్కడ అలా కాదు, ఎవరి కట్ట వారే కొనుక్కుని, కూర్చుకుని తెచ్చుకోవాలి. అరుదైన కార్డులను లెజెండరీ అంటారు. యోగ్-సారాన్ ఆ కోవలోనిది.

ఖరీదు పది మానా, అంటే ఒక వంతు బడ్జెటు మొత్తం. దాని పని ఇది: ఆ ఆటలో మీరు అప్పటిదాకా ఎన్ని మంత్రాలు వేశారో, అన్ని మంత్రాలను ఈ దేవుడు తన ఇష్టం వచ్చినట్టు వేస్తాడు. ఏ మంత్రం వస్తుందో తెలియదు. ఎవరి మీద పడుతుందో తెలియదు. పది ప్రాణాలు తీసే అగ్నిగోళం శత్రువు నెత్తిన పడవచ్చు, మీ నెత్తిన పడవచ్చు. బల్ల మీది బంట్లన్నీ ఊడ్చుకుపోవచ్చు, యోగ్-సారాన్ తన మంత్రానికి తానే చావనూ వచ్చు. వేసినవాడికి ఆ తర్వాత చేయగలిగింది ఏమీ లేదు. చేతులు కట్టుకుని చూడటమే.

దేవుడి వంశవృక్షం

యోగ్-సారాన్‌ను హార్త్‌స్టోన్ సృష్టించలేదు. అదే కంపెనీ వారి వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ అనే ఆటలో 2009లో ఉల్దువార్ అనే చెరలో బందీగా ఉన్న ప్రాచీన దేవుడిగా ఈయన కనిపిస్తాడు. ఒళ్ళంతా నోళ్ళే. పేరు ఎక్కడి నుంచి వచ్చిందో పట్టుకోవడం కష్టం కాదు. అమెరికన్ భయానక కథల రచయిత హెచ్.పి. లవ్‌క్రాఫ్ట్ (1890–1937) కథల్లో యోగ్-సోథోత్ అనే దేవుడు ఉన్నాడు, క్తుల్హూ అనే మరో దేవుడు ఉన్నాడు. వార్‌క్రాఫ్ట్ వారు ఆ నీడలోనే యోగ్-సారాన్, క్‌తూన్ వగైరాలను తయారు చేసుకున్నారు.

ఇక్కడ మనకు పనికొచ్చే విషయం ఒకటుంది. లవ్‌క్రాఫ్ట్ నాస్తికుడు, భౌతికవాది. తన దేవుళ్ళంతా కల్పితాలని, తన కథల్లో వచ్చే ‘నెక్రోనోమికాన్’ అనే మంత్రగ్రంథం తాను ఊహించి రాసిందేనని మిత్రులకు రాసిన ఉత్తరాల్లో దాపరికం లేకుండా చెప్పాడు. అయినా ఆయన పోయిన తర్వాత ఆ గ్రంథం నిజంగా ఉందని నమ్మినవారు తయారయ్యారు. 1977లో ఆ పేరుతో పుస్తకం అచ్చయి అమ్ముడుపోయింది కూడా. రచయితే ‘ఇది అబద్ధం’ అని చెప్పి పోయినా నమ్మకం ఆగలేదంటే, ఎవరూ అలా చెప్పి పోని పాత గ్రంథాల సంగతి వేరే చెప్పాలా?

వేళాకోళం నుంచి వేదిక మీదికి

2016 ఏప్రిల్ 26న ‘విస్పర్స్ ఆఫ్ ది ఓల్డ్ గాడ్స్’ అనే కొత్త కార్డుల వరస వచ్చింది. నలుగురు ప్రాచీన దేవుళ్ళు అందులో భాగం. క్‌తూన్‌ను కంపెనీ ఉచితంగా పంచింది. యోగ్-సారాన్‌ను మాత్రం చాలామంది తమాషా కార్డు అనుకున్నారు. స్నేహితుల మధ్య నవ్వుకోవడానికి బాగుంటుంది, గెలవాలనుకునేవాడు ఎవడు పెట్టుకుంటాడు అన్నారు.

కొద్ది నెలలు తిరిగేసరికి చవక మంత్రాలు ఎక్కువగా వాడే డ్రూయిడ్, మేజ్ కట్టల్లో యోగ్-సారాన్ స్థిరపడింది. బహుమతి డబ్బు పెట్టి జరిగే టోర్నమెంట్లలో, ఆట తిండి పెట్టే వృత్తిగాళ్ళు కూడా దాన్ని పట్టుకొచ్చారు. ఇదెలా జరిగింది? వాళ్ళు మూర్ఖులా? కాదు. ఇక్కడే లెక్క ఉంది.

యాదృచ్ఛికం అంటే ఇద్దరికీ సమానం అనుకోవడం మన మొదటి పొరపాటు. యోగ్ వేసే మంత్రాలను విడదీసి ఖాతాలు రాస్తే సంగతి తేలుతుంది.

ఒకటి, కార్డులు లాగి ఇచ్చే మంత్రాలు. ఎప్పుడు పడినా వేసినవాడి చేతికే వస్తాయి. కట్ట అయిపోయి ఉంటే తప్ప లాభమే.

రెండు, శత్రువు బంట్ల మీద మాత్రమే పనిచేసే సామూహిక మంత్రాలు. వీటికి గురి అక్కర్లేదు. ఎప్పుడూ అవతలివాడికే నష్టం.

మూడు, రహస్య మంత్రాలు. ఇవి కూడా వేసినవాడి తరఫునే కాపలా కాస్తాయి.

నాలుగు, బల్ల మొత్తం ఊడ్చే మంత్రాలు. ఇవి ఇద్దరివీ ఊడుస్తాయి. కానీ ఎవరి బంట్లు ఎక్కువ ఉంటే వాడికి ఎక్కువ నష్టం. ఓడిపోతున్నవాడి వైపు బల్ల ఖాళీగా ఉంటుంది కాబట్టి పోయేదంతా గెలుస్తున్నవాడిదే.

అయిదు, ఒక్క గురి మీద పడే దెబ్బలు. గురిని చీటీ వేసినట్టు ఎంచుకుంటాడు. శత్రువు వైపు అయిదుగురు, మీ వైపు ఒక్కడు ఉంటే చీటీ ఎవరి పేరున వచ్చే అవకాశం ఎక్కువ?

అంటే ఈ దేవుడు కళ్ళకు గంతలు కట్టుకున్న న్యాయమూర్తి కాడు. త్రాసు ముందే ఒక పక్కకు ఒరిగి ఉంది. అదీ ఎవడు ఓడిపోతున్నాడో వాడి పక్కకు.

ఇంకో సంగతి. ఎలాగూ ఓడేవాడికి పోయేది ఏముంది? పది ఆటల్లో పదీ ఓడే స్థితిలో ఉన్నవాడు యోగ్‌ను వేసి పదిలో రెండు గెలిచినా అది లాభమే. మునిగేవాడు గడ్డిపోచను పట్టుకోవడం భక్తి కాదు, సరైన లెక్కే. వృత్తిగాళ్ళు చేసింది ఇదే. వాళ్ళు దేవుణ్ణి నమ్మలేదు, సంభావ్యతను నమ్మారు. చూసేవాళ్ళకు మాత్రం అది మహిమలా కనిపించింది.

మహిమల పద్దు

‘యోగ్‌కు జై’ అనడం ఆటగాళ్ళలో ఊతపదం అయింది. సగం వేళాకోళం, సగం నిజం. యూట్యూబులో వీడియోలు వెల్లువెత్తాయి. చివరి ప్రాణంతో ఉన్నవాడు యోగ్‌ను వేయడం, పదో పన్నెండో మంత్రాలు వరసగా పేలడం, పొగ తేలేసరికి శత్రువు బల్ల ఖాళీ.

మా చిన్నబ్బాయి అప్పట్లో ఈ ఆట ఆడేవాడు. సెలవులకు ఇంటికొచ్చినప్పుడు ఫోను చూపించి, “నాన్నా, ఓడిపోయే ఆట చూడు, యోగ్ ఎలా నిలబెట్టాడో” అన్నాడు. చూశాను. నిజంగానే నిలబెట్టాడు. “మరి నిలబెట్టనివి ఎక్కడ రాశావురా?” అని అడిగాను. రాయలేదన్నాడు. ఒక నోటుపుస్తకంలో రెండు గళ్ళు గీసి ఇచ్చి, వేసిన ప్రతిసారీ జమ, ఖర్చు రాయమన్నాను. వాడు నవ్వుకుంటూనే రాశాడు. సెలవులు ముగిసే నాటికి “నాన్నా, ఖర్చు గడి ఇంత పొడుగు ఉంటుందనుకోలేదు” అన్నాడు. ఆ పుస్తకాన్ని శాస్త్రీయ పరిశోధన అనను. కానీ రాయడం మొదలుపెట్టగానే మహిమ మామూలు కార్డు అయిపోయింది. మీరూ గమనించే ఉంటారు, మన ఊళ్ళలో జాతకాల దగ్గరా, తాయెత్తుల దగ్గరా ఈ రెండో గడి ఎవరూ గీయరు.

ఈ మాట కొత్తది కాదు. 1620లో ఫ్రాన్సిస్ బేకన్ తన ‘నోవుమ్ ఆర్గానమ్’లో ఒక పాత కథ చెప్పాడు. ఓడ మునిగినా మొక్కుకుని బతికి బయటపడినవారి బొమ్మలు గుడిలో వేలాడదీసి ఉంటాయి. ఒకాయనకు అవి చూపించి, ఇప్పటికైనా దేవుళ్ళ శక్తిని ఒప్పుకుంటావా అని అడుగుతారు. మొక్కుకుని కూడా మునిగిపోయినవారి బొమ్మలు ఎక్కడ ఉన్నాయని ఆయన ఎదురు ప్రశ్న వేస్తాడు. బేకన్‌కు ఎంతో ముందే సిసిరో కూడా ఈ కథ చెప్పాడు. యూట్యూబు వీడియోలు ఆ గుడి గోడ మీది బొమ్మలే. యోగ్ వేసి, తన అగ్నిగోళానికి తానే చచ్చినవాడి వీడియో కూడా వచ్చేది, మహా నవ్వు పుట్టించేదైతే. కానీ యోగ్ వేసి, పెద్దగా ఏమీ జరగక, రెండు వంతుల తర్వాత మామూలుగా ఓడిపోయిన ఆటను ఎవడు వీడియో తీస్తాడు? అత్యద్భుతాలు, అతిఘోరాలు మిగులుతాయి. మధ్యలో ఉన్న మామూలు సంఘటనలన్నీ లెక్కలోంచి జారిపోతాయి.

1948లో అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త బి.ఎఫ్. స్కిన్నర్ పావురాల మీద చేసిన ప్రయోగం కూడా ఇక్కడ గుర్తుకు వస్తుంది. పావురం ఏం చేసినా చేయకపోయినా నియమిత వ్యవధిలో గింజలు పడే ఏర్పాటు చేశాడు. గింజ పడే సమయానికి తల తిప్పుతున్న పావురం తల తిప్పడమే గింజ తెస్తుందన్నట్టు మళ్ళీ మళ్ళీ తిప్పింది. గుండ్రంగా తిరుగుతున్నది గుండ్రంగానే తిరిగింది. మన పెద్దలు దీనికి మంచి మాట పెట్టారు: కాకతాళీయం. కాకి వాలింది, తాటిపండు పడింది. కాకే పడేసిందనుకోవడం మనిషి పని.

నైపుణ్యమా, అదృష్టమా?

టోర్నమెంట్లలో యోగ్ పెరిగే కొద్దీ వృత్తిగాళ్ళలోనే గొణుగుడు మొదలైంది. గంటసేపు జాగ్రత్తగా ఆడినవాడి శ్రమను ఒక్క కార్డు చీటీ తీసి తేల్చేస్తే, బహుమతి ఎవరికి ఇస్తున్నట్టు?

ఈ ప్రశ్న మనకు పాతదే. మా సికింద్రాబాదులోని ఒక క్లబ్బు మీద 1963లో పోలీసు దాడి జరిగి, ఆ కేసు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం తరఫున సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. రమ్మీ ప్రధానంగా నైపుణ్యం మీద ఆధారపడిన ఆట అని కోర్టు తేల్చింది. పడిన ముక్కలు గుర్తుపెట్టుకోవాలి, ఏది ఉంచుకోవాలో ఏది వదిలేయాలో తెలియాలి కాబట్టి, అది మూడు ముక్కలాట వంటిది కాదంది. ముక్కలు కలిపి పంచే ప్రతి ఆటలోనూ కొంత అదృష్టం ఉంటుందని కూడా ఒప్పుకుంది. ఈ తీర్పు 1968 ఏఐఆర్‌లో అచ్చయింది. ఆ తర్వాత డబ్బు పందేల ఆన్‌లైన్ ఆటల మీద తెలంగాణ 2017లో చట్టం మార్చింది. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం నైపుణ్యమా, అదృష్టమా అన్న తేడా పెట్టకుండానే వాటిని నిషేధించింది.

యోగ్-సారాన్ గొడవలో కూడా ప్రశ్న ‘అదృష్టం ఉందా లేదా’ కాదు. కట్ట కలిపినప్పుడే అదృష్టం వచ్చి కూర్చుంది. నైపుణ్యానికి ఎంత చోటు మిగిలింది అన్నదే ప్రశ్న. యోగ్‌ను ఎప్పుడు వేయాలో తెలుసుకోవడం నైపుణ్యమే. వేసిన తర్వాత జరిగేదానిలో మాత్రం అది లేదు.

సవరణ

2016 అక్టోబరు 3న బ్లిజార్డ్ ఏడు కార్డులను మార్చింది. ఎగ్జిక్యూట్, రాక్‌బైటర్ వెపన్ అనే కార్డులకు ఖరీదు ఒక్కొక్క మానా పెరిగింది. యోగ్-సారాన్ ఖరీదు పెంచలేదు, బలం తగ్గించలేదు. ఒక్క నియమం చేర్చారు: మంత్రాలు వేస్తుండగా యోగ్ చచ్చినా, రూపం మారినా, మూగబోయినా, చేతిలోకి తిరిగి వెళ్ళినా, అక్కడితో మంత్రాలు ఆగిపోతాయి. అంతకు ముందు యోగ్ చచ్చినా మిగిలిన మంత్రాలు జరుగుతూనే ఉండేవి. విచిత్రాలు ఇష్టపడేవారికి ఈ కార్డు సరదానే అయినా, టోర్నమెంట్లలో ఇంతగా కనిపించడం బాగాలేదన్నది కంపెనీ చెప్పిన కారణం.

ఇంత చిన్న మార్పు ఎంత పని చేసింది? లెక్క కోసం ఒక ఊహ చేద్దాం. ప్రతి మంత్రానికీ ఎనిమిదిలో ఒక వంతు అవకాశం యోగ్ తానే తొలగిపోవడానికి ఉందనుకోండి. పది మంత్రాలు వేయాల్సి ఉంటే పదీ పూర్తయ్యేదాకా యోగ్ నిలబడే అవకాశం సుమారు 26 శాతం. సగటున జరిగే మంత్రాలు పదికి బదులు ఆరుకు కాస్త లోపు. ఎనిమిదిలో ఒకటి అన్నది నా ఊహే, ఆ అంకెను ఎవరూ ప్రమాణంగా తీసుకోవద్దు. కానీ దిశ అర్థమవుతుంది. ఖరీదు అదే పది మానా, వచ్చే సరుకు మాత్రం తగ్గింది. పైగా ఎంత వస్తుందో ముందుగా లెక్క కట్టడం ఇంకా కష్టమైంది. గెలుపు మీద బతికేవారు మెల్లగా దాన్ని పక్కన పెట్టారు. దేవుడు మళ్ళీ తమాషా కార్డు అయ్యాడు.

ఆస్తి లెక్క

ఇంతకీ ఈ దేవుణ్ణి ఎంతకు కొన్నారు? ఇది నా వృత్తికి దగ్గరి ప్రశ్న, తల్లిదండ్రులకు ఇంకా దగ్గరిది.

హార్త్‌స్టోన్‌లో కార్డులను పాకెట్లుగా కొనాలి. ఒక్కో పాకెట్‌లో అయిదు కార్డులు. ఏవి వస్తాయో విప్పేదాకా తెలియదు. చాలాకాలం కంపెనీ అవకాశాల అంకెలు బయట పెట్టలేదు. చైనా ప్రభుత్వం ఇలాంటి అంకెలు ప్రకటించి తీరాలని నియమం పెట్టి, 2017 మేలో అమల్లోకి తెచ్చిన తర్వాత, అక్కడ ప్రకటించారు: సగటున ఇరవై పాకెట్లకు ఒక లెజెండరీ. అదీ ఏదో ఒక లెజెండరీ. మీరు కోరుకున్నది కాదు.

అదృష్టం వద్దనుకుంటే మరో దారి ఉంది. అక్కర్లేని కార్డులు నలగ్గొడితే డస్ట్ వస్తుంది. లెజెండరీ తయారు చేయాలంటే 1600 డస్ట్ కావాలి. అదే కార్డును నలగ్గొడితే తిరిగి వచ్చేది 400. అంటే చేతికి వచ్చిన క్షణంలోనే 75 శాతం తరుగుదల! ఏ స్టోర్సు లెడ్జరులోనూ ఇంత తరుగుదలను నేను పాస్ చేసి ఉండను. మరొకరికి అమ్ముకుందామంటే ఆ వీలు ఆటలో లేదు. ఒక్క న్యాయం మాత్రం కంపెనీ చేసింది. సవరణ చేసినప్పుడు ఆ కార్డును నలగ్గొట్టేవారికి కొంతకాలం పూర్తి 1600 ఇచ్చింది. యోగ్ విషయంలోనూ ఇచ్చింది. మహిమ తగ్గింది గనక మొక్కు వాపసు అన్నమాట. మనకు తెలిసిన హుండీలకు ఈ అలవాటు లేదు.

అయినా ఆ డస్ట్ ఆట దాటి బయటికి రాదు. 2023 జనవరిలో చైనాలో బ్లిజార్డ్‌కూ అక్కడి భాగస్వామి నెట్‌ఈజ్‌కూ ఒప్పందం ముగిసి ఆట ఆగిపోయినప్పుడు, అక్కడివారి కార్డులన్నీ ఒక్క రోజులో అందకుండా పోయాయి. 2024లో ఆట తిరిగి మొదలైంది, అది వేరే సంగతి. కొన్నామనుకున్నది ఆస్తి కాదు, అనుమతి. పిల్లల చేతికి ఫోను ఇచ్చే ముందు ఈ ఒక్క వాక్యం వాళ్ళకు చెప్పండి.

చచ్చినా చావని దేవుడు

2018 ఏప్రిల్‌లో పాత వరసలతో పాటు యోగ్-సారాన్ ప్రధాన పోటీల నుంచి తప్పుకుని, అన్ని పాత కార్డులూ చెల్లే విభాగానికి పరిమితమైంది. కానీ పేరుకు గిరాకీ తగ్గలేదు. 2020 నవంబరులో ‘మాస్టర్ ఆఫ్ ఫేట్’ అనే కొత్త అవతారం వచ్చింది. ఈసారి ఏకంగా జాతరలో తిప్పే చక్రంతో. 2023 ఆగస్టులో ఇంకో అవతారం. పాత దేవుడు అలాగే ఉంటాడు, కొత్త పేరుతో కొత్త పాకెట్ అమ్ముడవుతుంది. ఇందులో ఆశ్చర్యపడాల్సింది లేదు. పేరు మీద మమకారం కార్డు బలం కంటే ఎక్కువకాలం బతుకుతుంది.

ఈ చరిత్రలో నాకు నచ్చింది అక్టోబరు 3 నాటి ప్రకటన. ఏం మారుస్తున్నామో, ఎందుకు మారుస్తున్నామో, నష్టపోయినవారికి ఏమిస్తున్నామో అందులో ఉంది. కంపెనీ వారు పుణ్యాత్ములని కాదు, వాళ్ళది వ్యాపారం. కానీ కోట్లాది ఆటల రికార్డు అవతలి పక్క ఉన్నప్పుడు మహిమ పేరుతో ఎవరినీ ఎక్కువకాలం నమ్మించలేం. అంకెలు ఉన్నచోట దేవుడు కూడా జవాబు చెప్పుకోవాల్సి వచ్చింది.

కాబట్టి మిత్రులకు నా మనవి ఒకటే. ఎవరైనా ఒక మహిమ చెబితే వెంటనే వాదనకు దిగకండి, వెక్కిరించకండి. ఒక నోటుపుస్తకం ఇచ్చి రెండు గళ్ళు గీయండి. ఫలించినవి ఒక పక్క, ఫలించనివి ఇంకో పక్క. ఏదీ వదలకుండా ఆర్నెల్లు వాళ్ళనే రాయమనండి. ఆ తర్వాత మీరు మాట్లాడాల్సిన అవసరం చాలావరకు ఉండదు.